పల్లీలు ఏరేసి పెడితే చాలదు

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక ఆటో వచ్చి ఆస్పత్రి వాకిట్లో ఆగింది. పట్టుచీర కట్టుకున్న ఒకామె ఆరేళ్ళ కొడుకును భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. వెనక భర్త, ఆ వెనక ఒక ముసలమ్మ. పిల్లవాడి పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒళ్ళంతా దద్దుర్లు. గొంతు బొంగురు పోయింది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. అన్నిటికంటె నన్ను భయపెట్టింది వాడి మగత. తల నిలపలేకపోతున్నాడు.

"ఏం తిన్నాడు?" అని అడిగాను, ఇంజెక్షన్ సిద్ధం చేస్తూనే.

"పులిహోర తిన్నడు డాక్టరమ్మా. పల్లీలు పడవని నాకు తెల్సు. ఒక్కొక్కటి ఏరేసి పెట్టిన" అంది ముసలమ్మ.

తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ వేశాం. ఆక్సిజన్ పెట్టాం. ఐదారు నిమిషాలకు ఇంకొకటి వెయ్యవలసి వచ్చింది. పావుగంట గడిచాక పిల్లవాడు కళ్ళు తెరిచి "అమ్మా" అన్నాడు. రాత్రంతా వార్డులో ఉంచుకుని మర్నాడు ఇంటికి పంపాం.

పిల్లవాడు కోలుకున్నాడు గాని ఆ ఇల్లు కోలుకోలేదు. నెల తరువాత తల్లి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. వాళ్ళది నాచారం, హెచ్.ఎం.టి. నగర్ దగ్గర. ఆడబిడ్డ కాపురం ఉప్పల్‌లో. అత్తమామలు జనగామ దగ్గర పల్లెలో ఉంటారు. వరంగల్లు వైపు నుంచి వచ్చే బస్సులన్నిటికీ ఉప్పల్ చౌరస్తా ముఖద్వారం లాంటిది. 2017లో మెట్రో రైలు కూడా వచ్చాక, సికిందరాబాదులో పని ఉన్నా, అమీరుపేటలో పని ఉన్నా చుట్టాలంతా ఉప్పల్లో దిగి, ఒక పూట భోంచేసి వెళ్ళడం అలవాటైంది. పండుగలన్నీ ఆడబిడ్డ ఇంట్లోనే.

"ఇప్పుడు అత్తమ్మ మా గడప తొక్కనంటోంది డాక్టరుగారూ. 'నా చేతులతో నేనే పిల్లగాన్ని చంపుకుంటుంటి' అని ఏడుస్తోంది. వదినేమో 'మా ఇంట్లో తింటే రోగమా' అని ముఖం తిప్పుకుంది. నేను ఎవరింటికీ పోవడం మానేశాను. ఎవరైనా వస్తున్నారంటే గుండె దడ. వాడికి ఏం పెడతారో అని వంటింటి గుమ్మం దగ్గరే కాపలా కూర్చుంటున్నాను" అంది.

ఆ తల్లికి నేను చెప్పిన మాటలే ఈ వారం మీకూ చెబుతున్నాను. ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి.

కొంచెం తింటే ఏమవుతుంది?

మన పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది. విషమైతే ఎక్కువ తింటే ఎక్కువ హాని, తక్కువ తింటే తక్కువ హాని. ఎలర్జీ లెక్క అలా ఉండదు. ఈ సంగతి మొదట 1902లో రిషే, పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గమనించారు. సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి, అవి తట్టుకున్నాక, కొన్ని వారాల తరువాత చాలా తక్కువ మోతాదు మళ్ళీ ఎక్కించారు. అలవాటు పడి ఉంటాయనుకున్న కుక్కలు నిమిషాల్లో చచ్చిపోయాయి. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. 'ఎలర్జీ' అనే మాటను 1906లో వియన్నాకు చెందిన పిర్కే అనే డాక్టరు పుట్టించాడు.

మన శరీరంలో శత్రువులను పట్టుకునే కాపలా వ్యవస్థ ఒకటుంది. ఎలర్జీ ఉన్నవారిలో అది పల్లీలోని మాంసకృత్తును శత్రువుగా పొరబడుతుంది. ఇక ఆ మాంసకృత్తు రవ్వంత కనబడినా ఒళ్ళంతా అలజడి లేపుతుంది. పులిహోరలో పల్లీలను నూనెలో వేయించి కలుపుతారు. ఆ పొట్టు, పొడి, రసం ప్రతి మెతుకుకూ అంటుకుంటాయి. గింజలు ఏరేసినంత మాత్రాన అది పోదు. ముసలమ్మ చేసిన పొరపాటు ప్రేమ లేక చేసినది కాదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

పడకపోవడం వేరు, ఎలర్జీ వేరు

మనం 'పడదు' అనే ఒక్క మాటలో ఎన్నిటినో కలిపేస్తాం. పాలు తాగితే కడుపు ఉబ్బరించి విరేచనాలయ్యేది చాలామందిలో పాలచక్కెర అరగకపోవడం వల్ల. ఇబ్బందే గాని ప్రాణాపాయం లేదు. వంకాయ తింటే దురద అనీ, ఆలుగడ్డ వాతమనీ మానేసేవాళ్ళలో అసలైన ఎలర్జీ ఉన్నవారు తక్కువ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, దగ్గు, ఆయాసం వస్తే, అదే పదార్థం తిన్న ప్రతిసారీ వస్తే, ఎలర్జీ అని అనుమానించాలి.

ఈ మధ్య రక్తం తీసి వంద పదార్థాలకు ఒకేసారి పరీక్ష చేసి, పొడుగాటి జాబితా చేతికిచ్చే పద్ధతి వచ్చింది. ఆ కాగితం చూసి పప్పు, పాలు, గోధుమ అన్నీ మాన్పించి, పిల్లను ఎండబెట్టిన తల్లిదండ్రులను నేను చూశాను. కర్ణాటకలో పెద్దవారి మీద జరిగిన ఒక అధ్యయనంలో పరీక్షలో ఏదో ఒక ఆహారానికి 'పాజిటివ్' వచ్చినవారు నూటికి పాతికమందికి పైగా ఉన్నారు. తింటే నిజంగా బాధపడే అవకాశం ఉన్నవారు నూటికి ఒకరిద్దరే. కాబట్టి పరీక్ష కంటె ముందు 'ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమయింది' అనే కథ ముఖ్యం. ఆ కథ విన్న డాక్టరు ఏ పరీక్ష కావాలో చెబుతారు.

మా పిల్లవాడి విషయంలో కథ స్పష్టంగానే ఉంది. అంతకు ముందు పల్లీపట్టి తిని రెండుసార్లు దద్దుర్లు వచ్చాయి. నేను గుచ్చి గుచ్చి అడిగితే, నువ్వుల లడ్డు తిన్ననాడు కూడా పెదవులు వాచిన సంగతి తల్లికి గుర్తొచ్చింది. పరీక్షలో రెండూ తేలాయి.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. పాతికేళ్ళ కిందట, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక తల్లి నాలుగేళ్ళ కూతురిని తీసుకొచ్చింది. గుడ్డు తింటే వాంతులు, దద్దుర్లు. "రోజూ కొంచెం కొంచెం పెట్టండి, అలవాటవుతుంది" అని పంపాను. మూడోరోజు అర్ధరాత్రి ఆ పిల్లను ఊపిరాడని స్థితిలో తెచ్చారు. బతికింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినట్టే చేశానమ్మా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

ఎలర్జీ వచ్చిన బిడ్డకు ఇంట్లో పెట్టి చూడడం పనికిరాదు. కొద్దికొద్దిగా ఇచ్చి తట్టుకునేలా చేసే చికిత్స ఉంది గాని, అది నిపుణుల చేతిలో, ఇంజెక్షన్ పక్కన పెట్టుకుని చేసేది. ఎలర్జీ రాకుండా ముందే అలవాటు చెయ్యడం మరొక సంగతి. 2015లో లండన్ డాక్టర్లు 640 మంది పసిపిల్లల మీద జరిపిన అధ్యయన ఫలితాలు ప్రకటించారు. వాళ్ళంతా తీవ్రమైన ఎగ్జిమాగాని, గుడ్డు ఎలర్జీగాని ఉన్న పిల్లలు. మొదట చర్మపరీక్షలో పల్లీలకు ఏమీ చూపించనివారిలో, పల్లీల ఆహారం మాన్పించినవారికి ఐదేళ్ళు వచ్చేసరికి నూటికి 13.7 మందికి ఎలర్జీ వచ్చింది. ఏడాది లోపే మొదలుపెట్టి క్రమంగా తిన్నవారిలో 1.9 మందికే వచ్చింది. కనుక ఆరోగ్యంగా ఉన్న చంటిపిల్లలకు ఆరు నెలలు నిండి అన్నం మొదలుపెట్టాక, పల్లీలు మెత్తగా నూరి పెట్టడానికి భయపడనక్కరలేదు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు మాత్రం ముందు డాక్టరును అడగండి. గింజలుగా మాత్రం ఐదేళ్ళ లోపు ఎవరికీ పెట్టకండి. గొంతుకు అడ్డం పడతాయి.

నేను రాసిచ్చిన మందు

ఆ తల్లికి ఎడ్రినలిన్ గురించి చెప్పాక, చీటీ మీద ఇంకొకటి రాశాను. 'రెండు వందల పేజీల నోటు పుస్తకం, ఒకటి.' ఆమె తెల్లబోయింది.

మన ఇళ్ళలో ప్రేమ చూపించే దారి విస్తరే. చుట్టం వచ్చి బిడ్డకు ఏదో ఒకటి నోట్లో పెట్టకుండా పోతే ఆమెకు వచ్చినట్టే ఉండదు. అటువంటి మనిషికి 'అది పెట్టకండి, ఇది పెట్టకండి' అని పది వస్తువుల జాబితా ఇస్తే, ఆమెకు వినబడేది 'నువ్వు ముట్టుకోకు' అనే. వద్దన్నవాటి జాబితా చిన్నది, ఒక కాగితం చాలు. పుస్తకం రాయవలసింది ఏవి పెట్టవచ్చో వాటి గురించి. నాయనమ్మ చేసే వంటలే, నాయనమ్మ నోటితో చెప్పించి, పల్లీ, నువ్వు లేకుండా తిరగరాయాలి.

"అత్తమ్మకు చదువు రాదు" అంది.

"చదువు నీకుంది. వంట ఆమెకుంది. ఇద్దరూ కలిస్తేనే పుస్తకం" అన్నాను.

మన వంటల్లో ఎక్కడెక్కడ ఉంటాయి?

ఇది మొదట తేల్చుకోవాలి. పల్లీ చట్నీ, పల్లీపట్టి కంటికి కనబడతాయి. కనబడనివి చూడండి. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ చిక్కదనం పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరిన ముద్దదే. సర్వపిండిలో రెండూ ఉంటాయి. సకినాల్లో నువ్వులు తప్పవు. పెళ్ళిభోజనాల్లో గుత్తివంకాయ, హోటలు కూరల గ్రేవీ, ఇంట్లో కొట్టిన కారప్పొడులు, సద్దుల్లో నువ్వుల సద్ది, పల్లీల సద్ది. ఒకే గరిటె అన్ని గిన్నెల్లో తిరిగితే పెరుగు సద్ది కూడా ప్రమాదమే.

నూనె సంగతి. బాగా శుద్ధిచేసిన పల్లీ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు. ఇప్పుడు అందరూ మోజుపడుతున్న గానుగ నూనెలో ఉంటుంది. ఎలర్జీ ఉన్న ఇంట్లో గానుగ పల్లీ నూనె, నువ్వుల నూనె వద్దు. పుట్నాలు మంచి ప్రత్యామ్నాయమే గాని, బట్టీలో పల్లీలు, పుట్నాలు ఒకే బాణలిలో, ఒకే ఇసుకలో వేయిస్తారు. పచ్చి శనగపప్పు తెచ్చి ఇంట్లోనే వేయించుకోండి. గోధుమ పడనివారికి ఇంకో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. బజారు ఇంగువలో గోధుమపిండి కలిపేది ఎక్కువ. గిర్నీలో గోధుమలు ఆడిన వెంటనే మీ బియ్యం పోస్తే ఆ పిండి కలిసే వస్తుంది.

పాకెట్ల మీద రాసినది చదవండి. 2020లో వచ్చిన మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ వంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతలు, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే విడిగా చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు చేర్చలేదు. అమెరికాలో 2023 నుంచి నువ్వులనూ తప్పనిసరి చేశారు. అందుచేత నువ్వులు పడనివారు పదార్థాల వరుస మొత్తం చదవాలి.

పుస్తకం రాసే పద్ధతి

పూర్వం కొత్తకాపురం పెట్టిన అమ్మాయికి మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' పుస్తకం ఇచ్చేవారు. అందులో చూసి వండడం నేర్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మీ పుస్తకానికి దానికంటె ఒక పని ఎక్కువ ఉంది, బిడ్డను కాపాడాలి. కాబట్టి:

1. తాలింపు గింజ, నూనె, ఇంగువ సహా వేసినదల్లా రాయండి. 'మామూలు పోపు' అని రాయకండి.

2. 'చారెడు', 'పిడికెడు' అని చెబితే ఆమె చేత వేయించి, గ్లాసుతో, చెంచాతో కొలిచి రాయండి.

3. మొదట పెన్సిలుతో రాయండి. మూడుసార్లు వండి, బిడ్డ హాయిగా తిన్నాక సిరాతో రాయండి. ఎలర్జీ లేదని తేలిన పదార్థాలతోనే ఈ ప్రయత్నం.

4. మానేసినదాని బలం దేనితో వస్తుందో రాయండి. వంద గ్రాముల పల్లీల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు, శనగపప్పులో సుమారు 21. అంటే నష్టం పెద్దదేం కాదు. పల్లీ ఎలర్జీ ఉన్నవారిలో ఎక్కువమంది మిగతా పప్పులు తినగలరు. పరీక్షించకుండా పప్పులన్నీ మాన్పించకండి. నువ్వుల్లోని కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగులు ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. ఇటువంటి లెక్కలన్నీ మన ఉప్పల్ దారిలోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కట్టి ప్రచురించినవే.

5. వారానికి ఒక్క వంట చాలు. చుట్టాలొచ్చిన వారం రాయకపోయినా ఫరవాలేదు. పుస్తకం పేరిట తల్లి నిద్ర చెడగొట్టుకోకూడదు.

చుట్టాలు వచ్చిన రోజు, మనం వెళ్ళిన రోజు

ఇంటికి చుట్టాలొస్తే బిడ్డ వంట ముందు చేసి మూతపెట్టండి. గరిటె, గిన్నె వేరుగా ఉంచండి. వేయించే నూనెలో బిడ్డవి ముందు, మిగతావి తరువాత. పల్లీలు తిన్నవారు సబ్బుతో చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోవాలి. ఉత్త నీళ్ళు గాని, చేతులకు రాసుకునే శానిటైజరు గాని చాలవు. ముద్దు పెట్టుకోవడం కూడా నోరు కడుక్కున్నాకే.

మనం వెళ్ళేటప్పుడు రెండు రోజుల ముందే ఫోను చెయ్యండి. "మావాడికి ఏమీ పెట్టొద్దు" అనకండి. "వదినా, కూర మేం తెస్తాం. నువ్వు వేడన్నం, గడ్డపెరుగు, అరటిపండు సిద్ధంగా పెట్టు. వాడికి నీ చేత్తో కలిపి పెట్టు" అనండి. ఆమెకు చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది. ఆ పని బిడ్డకు హాని చెయ్యదు. ఉప్పల్ ఆడబిడ్డ ముఖం మళ్ళీ ఇటు తిరిగింది ఈ మాటతోనే.

పుస్తకం మొదటి పేజీ

మొదటి పేజీలో వంట రాయకండి. పెద్ద అక్షరాలతో ఇవి రాయండి.

బిడ్డకు ఏవి పడవు. గొంతు బొంగురు, ఆయాసం, ఆగని దగ్గు, మగత, పాలిపోవడం, దద్దుర్లతోపాటు వాంతులు కనబడితే ఆలస్యం చెయ్యకండి. మొదటి మందు తొడ బయటివైపు కండలో వేసే ఎడ్రినలిన్. దద్దుర్లకు ఇచ్చే మాత్ర, సిరప్ ప్రాణం కాపాడవు. అది వేసి చూద్దామని కూర్చోకండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నిలబెట్టి నడిపించకండి. 108కి ఫోను చెయ్యండి. కుదుటపడినట్టు కనబడినా ఆస్పత్రికి వెళ్ళాలి, కొన్ని గంటలు అక్కడ ఉండాలి. రెండోసారి తిరగబెట్టవచ్చు.

బొత్తాం నొక్కినట్టు వేసుకునే తయారు ఇంజెక్షన్లు మన దుకాణాల్లో సులభంగా దొరకవు. తీవ్రమైన ఎలర్జీ ఒకసారి వచ్చిన బిడ్డకు, బరువును బట్టి మోతాదు రాసి, వెయ్యడం నేర్పి ఇంజెక్షన్ ఇవ్వమని మీ డాక్టరును అడగండి. అది బిడ్డ ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్ళాలి. మీ ఇంటికి దగ్గరలో అర్ధరాత్రి కూడా అత్యవసర చికిత్స చేసే ఆస్పత్రి ఏదో ముందే కనుక్కుని ఆ పేజీలోనే రాయండి.

అచ్చు వేస్తే?

రెండేళ్ళలో ఆ నోటుపుస్తకంలో నలభైకి పైగా వంటలు చేరాయి. ఉప్పల్లో, నాచారంలో తెలిసినవాళ్ళు అడిగి రాసుకుంటున్నారు. "అచ్చు వేయిస్తే ఎలా ఉంటుంది డాక్టరుగారూ?" అని అడిగింది. తప్పకుండా వెయ్యమన్నాను. రెండే షరతులు. 'ఎలర్జీ ఉన్నవారందరికీ' అని అట్ట మీద రాయకూడదు. ఒకరికి అమృతం ఇంకొకరికి ఆపద. 'పల్లీలు, నువ్వులు లేని వంటలు' అని ఉన్నదున్నట్టు రాయాలి. తింటే ఎలర్జీ పోతుందని ఎక్కడా రాయకూడదు. పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ పోతాయి. పల్లీలది ఐదుగురిలో ఒకరికే పోతుంది. పోయిందో లేదో తేల్చవలసింది ఆస్పత్రిలోనే.

నాయనమ్మ మళ్ళీ గడప తొక్కింది. తొక్కడమే కాదు, పుస్తకంలో వంటలన్నీ ఆమె చెప్పినవే. ఆమె కోసం కోడలు ప్రతి పేజీ మూల బొమ్మ వేసింది, పల్లీకాయ మీద అడ్డగీత. మొన్న సంక్రాంతికి ఊళ్ళో సకినాలు చేసిననాడు ఆమె మొదటి వాయి మనవడికని విడిగా తీసిందట. కొత్త నూనె, ఉతికిన గుడ్డ, నువ్వులకు బదులు జీలకర్ర. డబ్బా కట్టి, మూతకు ఎర్రదారం చుట్టి జనగామ బస్సులో తనే ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

పోయిన నెల పిల్లవాడు పరీక్షకు వచ్చినప్పుడు నాకు రెండు సకినాలు తెచ్చాడు. "మీరు తినొచ్చు డాక్టరమ్మా, ఇందులో ఏమీ లేవు" అని నాకే ధైర్యం చెప్పాడు. వాడి సంచిలో ఇంజెక్షన్ ఉందా అని అడిగాను. తీసి చూపించాడు.